కాలనీ మలుపులోని స్పీడ్ బ్రేకర్ గారికి

మహారాజశ్రీ స్పీడ్ బ్రేకర్ గారి సముఖమునకు, హైదరాబాద్ కార్ల పిచ్చోళ్ళు రాసుకునే ఉత్తరం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, మీ దయవల్ల మా బళ్ళ లోయర్ ఆర్మ్ బుష్షుల (చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ కీళ్ళలోని రబ్బర్ల) కుశలం అంతంతమాత్రం.

ముందుగా కృతజ్ఞతలు. ఈ ఊళ్ళో కార్లకు కొదవ లేదు, కారంటే ప్రాణం పెట్టేవాడు మాత్రం దుర్భిణీ వేసి వెతికినా దొరకడు. సాయంత్రం ఆరున్నరకు మాదాపూర్‌లో చూడండి. కోటి రూపాయల జర్మన్ బండీ, 796 సీసీ మారుతీ ఎనిమిది వందలూ పక్కపక్కనే, ఫస్ట్ గేరులో, హాఫ్ క్లచ్ మీద. ఎవడు రసికుడో, ఎవడు ఈఎంఐ కడుతున్నాడో అక్కడ ఎలా పోల్చుకుంటాం? మాలాంటివాళ్ళను ఒకరితో ఒకరిని కలిపే పెళ్ళిళ్ళ పేరయ్య మీరొక్కరే.

మీ ముందుకొచ్చేసరికి మనిషి అసలు రంగు బయటపడుతుంది. పెద్ద బండాయన బ్రేకు మీద కాలైనా పెట్టకుండా ధడేల్మని దూకేస్తాడు. క్యాబ్ అబ్బాయి సరిగ్గా మీ నెత్తి మీదికొచ్చాక బ్రేకు తొక్కుతాడు. ఇంకొకడుంటాడు చూడండి, పది మీటర్ల ముందే అద్దంలో వెనక్కి చూసుకుని, ఇండికేటర్ వేసి, ఏసీ ఆపి, కిటికీ దించి, తల కాస్త బయటికి వంచి, మీ మీదికి ఏటవాలుగా, ఒక్కో చక్రంతో ఎక్కుతాడు. దిగాక పక్కన ఆపి, వంగి కిందికి చూస్తాడు. వాడే మావాడు. ఊరూ పేరూ అడక్కుండానే వెళ్ళి "ఛాంబర్ తగిలిందా అన్నా?" అంటే చాలు, పరిచయం అయిపోయినట్టే. ఛాంబరంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి.

ఆ ఎక్కడంలో ఉన్న విద్య ఏమిటో మీరూ తెలుసుకోవాలి. వేగం తగ్గించడమంతా మీ దగ్గరికి చేరకముందే అయిపోవాలి. ముందు టైరు మిమ్మల్ని తాకే క్షణానికి బ్రేకు మీద కాలు ఉండకూడదు. బ్రేకు తొక్కి ఉంటే ముక్కు కిందికి దిగి ఉంటుంది, స్ప్రింగు అప్పటికే సగం నొక్కుకుపోయి ఉంటుంది, మిగిలిన దెబ్బంతా షాక్ అబ్జార్బర్‌కీ, దాన్ని పైన బాడీకి బిగించే స్ట్రట్ మౌంట్‌కీ పోతుంది. ఫస్ట్ గేరు, యాక్సిలరేటర్ లేకుండా, ముప్ఫై డిగ్రీల ఏటవాలు. రెండు ముందు చక్రాలూ ఒకేసారి దభీమని దిగవు కాబట్టి ముక్కు గీసుకోదు. దీనికీ ఒక ఖరీదుంది. ఎడమ చక్రం పైన, కుడి చక్రం కింద ఉన్నంతసేపూ బండి పక్కకు ఒరగకుండా రెండు చక్రాలనూ కలిపే యాంటీ రోల్ బార్ మెలి తిరుగుతుంది, దాని చివర్లనుండే లింక్ రాడ్లు ముందుగా టకటకమంటాయి. అయినా లింక్ రాడ్ మార్చడం ఒక పూట పని, చీలిన ఛాంబర్ అలా కాదు.

ఇప్పుడు మీ కొలతల సంగతికి వద్దాం, కోపం తెచ్చుకోకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మీ గురించి ఐఆర్‌సీ 99 అని ఒక ప్రమాణమే రాసింది: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, 17 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రటి వంపు, గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో దాటేందుకు. అందులో ఎంత మర్యాద ఉందో చూడండి. మా బళ్ళ వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం, 2.6 మీటర్ల చిల్లర. అంటే కారు నడుము మీ నడినెత్తి మీదికి వచ్చేసరికి నాలుగు చక్రాలూ మీ మీదే ఉంటాయి. లెక్క కడితే, చక్రాలున్న చోటికంటే మీ నడినెత్తి అయిదు సెంటీమీటర్లే ఎత్తు. నేలకు దగ్గరగా ఉండే పాత హోండా సివిక్ కారు కూడా గీసుకోకుండా పోతుంది.

మరి తమరో? ఎవరింటి శ్లాబులోనో మిగిలిపోయిన నాలుగు తట్టల కాంక్రీటుతో రాత్రికి రాత్రి పుట్టారు. వెడల్పు జానెడు తక్కువ అరమీటరు, ఎత్తు 15 సెంటీమీటర్లు. కంపెనీవాడు చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ, 165 మిల్లీమీటర్లు, అదీ ఖాళీ బండికి. నలుగురు ఎక్కి డిక్కీ నిండితే మూడు సెంటీమీటర్లు దిగుతుంది. తేడా మీరే లెక్కేసుకోండి. అందుకే మా బళ్ళలో ఎక్కిన చుట్టాలు మీ ముందు దిగి, దాటాక మళ్ళీ ఎక్కుతారు. వాళ్ళు తిట్టే తిట్లు మీకు చెందినవే, మేం వాడుకోవడం లేదు.

బడి ముందు, ఆసుపత్రి ముందు ఉన్న మీ అన్నదమ్ములతో మాకు పేచీ లేదు, వాళ్ళుండాలి. కొట్లాటంతా 40 మీటర్ల ముందు బోర్డు లేకుండా, నలుపు తెలుపు పట్టీలు లేకుండా చీకట్లో నక్కి కూర్చునే మీలాంటివాళ్ళతోనే. అన్నట్టు, బోల్టులతో బిగించే ఆ రబ్బరు తమ్ముడికి కాస్త బుద్ధి చెప్పండి. ముక్కలు ఊడిపోయి రోడ్డులో బోల్టు తలలే మిగులుతున్నాయి. అవి టైరు పక్కగోడకు తగిలితే పంక్చర్ వేయడం కుదరదు, టైరే మార్చాలి.

మిమ్మల్ని జయించాలని చూసినవాళ్ళూ ఉన్నారు. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికిస్తే సెంటీమీటరు పైకి లేస్తుంది గానీ, ఆ చుట్టు ఇక పని చేయదు, బండి ఎడ్లబండి అవుతుంది. 185/65 ఆర్15 టైరు తీసి కాస్త పెద్దదైన 195/65 వేస్తే దక్కేది ఆరున్నర మిల్లీమీటర్ల ఎత్తు, పైగా స్పీడోమీటరు రెండు శాతం తక్కువ చూపిస్తుంది. కింద ఇనుప గార్డు వేస్తే ఛాంబర్ బతుకుతుంది, ఉన్న క్లియరెన్స్‌లో ఇంకో సెంటీమీటరు పోతుంది. ఒకవేళ గట్టిగా తగిలి ఆయిల్ లైటు వెలిగిందా, ఇల్లు దగ్గరే కదా అని నడపకూడదు. అక్కడికక్కడే ఇంజన్ ఆపాలి, లేకపోతే బేరింగులు పోతాయి.

ఇలా దెబ్బతిన్నవాళ్ళంతా ఆదివారం పొద్దున వీల్ అలైన్‌మెంట్ షాపు ముందు వరసకట్టి కలుస్తారు. మా క్లబ్బు ఆఫీసు అదే. స్పేర్ పార్టుల కొట్లుండే రాణిగంజ్‌లో బుష్షుల కోసం వచ్చి, కొట్టువాడిచ్చిన బుష్షును గోటితో నొక్కి చూసేవాడు కనపడితే వదలొద్దు, వాడూ మావాడే. నలుగురు పోగయ్యాక ఎక్కడికి వెళ్ళాలన్నదే సమస్య. అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లుంది, మీరు లేరు, కానీ దాని మీద ఆపకూడదు. ఆగకుండా స్నేహం చేయడం మాకింకా చేతకాలేదు. అందుకని ఆరింటికే బయల్దేరి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా అనంతగిరి కొండలకు పోతాం. పది బళ్ళకు మించకూడదు, ఎక్కువైతే ఆపిన చోటల్లా ఊరివాళ్ళకు ఇబ్బంది. ఇంజన్ రేజ్ చేసి చూపించేవాడికి రెండోసారి పిలుపుండదు. ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు పాత బళ్ళ రబ్బరు పైపుల్ని ఏం చేస్తుందన్న చర్చ మొదలైందా, ఇక ఆ టీ చల్లారినట్టే.

ఇన్ని చెప్పి అదొక్కటి చెప్పకపోతే ఎలా? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. 2.8 కిలోమీటర్ల ట్రాక్, మీ బంధువర్గంలో ఒక్కరూ లేరు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. మీరు మాత్రం ఇక్కడే ఉన్నారు, మొన్న తారు పోసినప్పుడు ఇంకో రెండంగుళాలు ఎదిగారు కూడా.

మిమ్మల్ని తీసేయమని అడగం, మీరు పోతే మేం ఒకరినొకరం గుర్తుపట్టేదెలా? ఎత్తు అయిదు సెంటీమీటర్లు తగ్గి, ఒళ్ళు 3.7 మీటర్లకు పెంచండి చాలు.

ఇట్లు,
మీ మీద ఒక్కో చక్రంతో ఎక్కే విధేయులు

తా.క.: మీకు పట్టీలు వేసేందుకు కాలనీ సంఘం చేత అనుమతి ఇప్పించండి. తెల్ల రంగు డబ్బా, రెండంగుళాల బ్రష్షూ మేమే తెచ్చుకుంటాం.