ముట్టకూడని బిల్లు

టెంట్ హౌస్ బిల్లులో చివరి అంకెలు వేసేదే కొట్టెయ్యడానికి. ఆ సంగతి వాళ్లకూ తెలుసు, పిల్ల తండ్రికీ తెలుసు. ఈయన "జర చూసి తీసుకో" అంటాడు, ఆయన కాసేపు తల గోక్కుంటాడు, ఓ రెండు మూడు వేలు తగ్గుతాయి. నల్లగొండలో ఈ ఆచారానికి అడ్డం పడింది, నాకు తెలిసి, మా మామ ఒక్కడే. రిటైరైన లెక్కల సారు.

పెళ్లి హడావుడి సద్దుమణిగాక టెంటు ఆయన వచ్చాడు. శామియానా, కుర్చీలు, లైటింగు, జనరేటరు, పైన జీఎస్టీ, అన్నీ కలిపి 1,42,857 రూపాయలు. ఒకప్పుడు మామ దగ్గరే చదివి, టెన్త్ లెక్కల్లో తప్పిన శిష్యుడు. ఆ మొహమాటంతో అడగకముందే, "చిల్లర ఇడ్శిపెట్టండి సార్, లక్షా నలభై ఇయ్యండి" అన్నాడు.

"ముట్టకు దాన్ని!" అని అరిచాడు మామ.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మామ మిగిలిపోయిన శుభలేఖ ఒకటి వెనక్కి తిప్పాడు. రెండుతో గుణిస్తే 2,85,714. మూడుతో 4,28,571. నాలుగుతో 5,71,428. ఐదుతో 7,14,285. ఆరుతో 8,57,142. అవే ఆరు అంకెలు, అదే వరస, మొదలయ్యే చోటు మాత్రమే మారుతోంది. ఒకటిని ఏడుతో భాగిస్తే దశాంశ బిందువు తర్వాత తిరిగి తిరిగి వచ్చేవి ఇవేనట. అందుకే ఏడుతో గుణిస్తే మాత్రం ఆట మారి 9,99,999 వస్తుంది.

"పది లక్షలకు రూపాయి తక్కువ!" అన్నాడు శిష్యుడు. ఆ పిలగాడి కళ్లల్లో అంత చదువు మీద ప్రేమ ఎప్పుడూ చూసి ఉండడు మామ. మరింత రెచ్చిపోయి బిల్లు అంకెకు వర్గం కట్టాడు: 20408122449. దాన్ని 20408, 122449 అని విరిచి కూడితే మళ్లీ 142857.

"వర్గాన్ని ఇట్లా విరిచి కూడితే మళ్లీ అదే వచ్చేదాన్ని కాప్రేకర్ సంఖ్య అంటార్రా! మహారాష్ట్ర దేవ్‌లాలీలో ఆ కాప్రేకర్ కూడా మనలాగా బడిపంతులే."

"సమజైంది సార్. అంకెలెట్లా అవే గదా, 2,85,714 అని రాస్కోమంటరా?"

అత్తమ్మ బయటికొచ్చింది. "గుణించింది చాలు గని, పైసలు కొట్టండి."

మామ ఫోన్ తీసి మొత్తం అంకె భక్తిగా నొక్కాడు. పోలేదు. యూపీఐలో మనిషికి మనిషి పంపేది మామూలుగా రోజుకు లక్ష దాటదు. ఆయన మొహం చూడాలి, మహావృక్షాన్ని రంపంతో కోయమన్నట్టు పెట్టాడు. చివరికి లక్ష పంపాడు.

"ఇంకెంత?" అంది అత్తమ్మ.

"42,857."

"దీనికేమన్న మహిమ ఉందా?"

మామ శుభలేఖ మీద కాసేపు గీకాడు. "లేదు. పదిహేడుతో తెగుతది, అంతే."

"అయితే నలభై వేలు," అని అత్తమ్మ బీరువా తాళాలు తీసుకుంది.