ఫోర్కు చాడీలు

పెళ్లిరోజని మా ఆవిడ ఓ పెద్ద రెస్టారెంటులో టేస్టింగ్ మెనూ బుక్ చేసింది. పది కోర్సులు. ఏం కావాలో మనల్ని అడగరు, షెఫ్ ఏది పంపితే అది తినాలి. ఇంట్లో ఇరవయ్యేళ్లుగా జరుగుతున్నదీ అదే కాబట్టి నాకేమీ కొత్తగా అనిపించలేదు. పది రకాలు కదా అని మధ్యాహ్నం భోజనం మానేసి మరీ వెళ్లాను.

ముందుగా బండి చక్రమంత పళ్లెంలో చొక్కా గుండీ అంత పదార్థం వచ్చింది. దాన్ని ఫ్రెంచిలో ‘అమ్యూజ్ బూష్’ అంటారట, నోటికి సరదా కలిగించేది అని అర్థమట. వెయిటర్ దాన్ని రెండు నిమిషాలు వర్ణించాడు. నేను రెండు సెకన్లలో మింగేశాను.

పళ్లేనికి అటూ ఇటూ ఆపరేషన్ థియేటర్లోలా ఫోర్కులు, కత్తులు. బయటి వాటితో మొదలుపెట్టి లోపలికి రావాలని మా ఆవిడ దారిలోనే చెప్పింది. అక్కడితో ఆపేసింది, అదీ చిక్కు.

నాలుగోది చేప. మొదటిసారి నాలుగు ముద్దలకు సరిపడా కనబడింది. ఒక ముక్క తిని, ఫోర్కూ కత్తీ బుద్ధిగా పక్కపక్కన పెట్టి, మంచినీళ్లు తాగాను. గ్లాసు దించేసరికి ఎదురుగా తెల్ల గుడ్డ తప్ప ఏమీ లేదు!

“అప్పుడే తినేశారా?” అంది మా ఆవిడ.

ఐదోదీ అలాగే పోయింది. ఆరోది రాగానే ఎడంచేత్తో పళ్లెం అంచు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

“ఏమైనా ఇబ్బందా సార్?” అన్నాడు వెయిటర్. విషయం చెబితే నవ్వు ఆపుకుని, “రెండూ పక్కపక్కన పెడితే అయిపోయింది, తీసుకెళ్లమని అర్థం సార్. ఇంకా తింటుంటే ఇలా పెట్టాలి” అని రెండింటినీ గుడిసె కప్పులా ఏటవాలుగా ఆనించి చూపించాడు. అంటే ఇంతసేపూ నా ఫోర్కే నా మీద చాడీలు చెబుతోందన్నమాట.

ఏడోది చెంచాడు సోర్బే, అంటే గడ్డకట్టించిన పళ్లరసం. నోట్లో ఉన్న పాత రుచులు కడిగేయడానికట. నా నోట్లో కడగడానికి ఏముందని?

ఎనిమిదో పళ్లెం మీద గుడిసె వేసుకుని నిమ్మళంగా తిన్నాను. ఖాళీ అయింది. పావుగంట గడిచినా తొమ్మిదోది రాదు. బల్ల మీద అందరూ ముగిస్తేగానీ తర్వాతిది పంపరట. వెయిటర్ దూరంగా చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా నా పళ్లెం వంకే చూస్తున్నాడు.

మా ఆవిడ పళ్లు బిగించి అంది: “ఏవండీ, ఇక ఆ గుడిసె పీకండి.”