కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో మనశ్శాంతికి అసలు శత్రువులెవరని అడిగితే అందరూ హ్యాకర్లంటారు. తప్పు. హ్యాకరు దొంగ, దొంగకి ఆకలో ఆశో ఏదో ఒకటి ఉంటుంది, కాబట్టి వాణ్ణి అర్థం చేసుకోవచ్చు. నాకు అర్థం కానిది పైసా రాకపోయినా, ఎవరూ పిలవకపోయినా, పగలంతా ఒక ఉద్యోగం చేసుకుని రాత్రి ఇంటికొచ్చి, ఓపెన్ సోర్స్ ఫజింగ్ టూల్ ఒకటి ముందేసుకుని దానికి ఇంకాస్త పదును పెట్టే మనుషులు. మన ప్రోగ్రాం మానాన మన ప్రోగ్రాం నడుస్తోంది. రాసినవాడికి బాధ లేదు, వాడేవాడికి బాధ లేదు, ఆఖరికి ఆ ప్రోగ్రాంకి కూడా బాధ లేదు. కందకు లేని దురద ఈ కత్తిపీటకెందుకని నా ప్రశ్న. ఈ విషయంలో నేను చాలా సీరియస్‌గా ఉన్నాను.

తెలియనివాళ్ళకి చెబుతాను. ఫజింగ్ అంటే ఒక ప్రోగ్రాంకి అడ్డదిడ్డమైన ఇన్‌పుట్ కోట్లసార్లు ఇచ్చి, ఎప్పుడు కూలబడుతుందా అని గుమ్మం దగ్గర కాపు కాయడం. కోతి చేతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే, కాకపోతే ఈ కోతి సెకనుకి వేలసార్లు విసురుతుంది, పైగా ఏ గోడకేసి కొడితే బీట పడిందో గుర్తుపెట్టుకుని మళ్ళీ అక్కడే కొడుతుంది.

దీనికంతటికీ మూలం ఒక వాన. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో బార్టన్ మిల్లర్ అనే ప్రొఫెసరు, ఉరుములు మెరుపుల రాత్రి ఇంట్లో కూర్చుని ఫోన్ లైను మీద యూనివర్సిటీ కంప్యూటర్‌కి కనెక్టయ్యాడు. వానకి లైనులో గరగర మొదలైంది, ఆయన కొట్టిన అక్షరాల మధ్యలో పిచ్చి అక్షరాలు దూరాయి, ఆ దెబ్బకి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలోని ప్రోగ్రాములు ఒక్కొక్కటే కుప్పకూలాయి. మనమైతే ఫోన్ల డిపార్ట్‌మెంటుని నాలుగు తిట్లు తిట్టి దుప్పటి ముసుగేసేవాళ్ళం. ఆయన దీన్ని క్లాసులో పిల్లలకి ప్రాజెక్టుగా ఇచ్చాడు. 1990లో పేపరు వచ్చింది. ఏ యూనిక్స్ తీసుకున్నా, పరీక్షించిన ప్రోగ్రాముల్లో పాతిక నుంచి 33 శాతం దాకా కూలిపోయాయని అందులో రాశారు. చూశారా, అప్పటిదాకా ఒక్క ప్రోగ్రామూ చెడ్డది కాదు. లెక్క పెట్టాకే చెడ్డవయ్యాయి.

ఆ తర్వాత పాతికేళ్ళు ఎలాగో గడిపాం. 2013లో మిహావ్ జలెవ్‌స్కీ అనే ఆయన ఏఎఫ్ఎల్ అని ఒక టూల్ వదిలాడు. పూర్తి పేరు అమెరికన్ ఫజీ లాప్, అది ఒక కుందేలు జాతి పేరు, చెవులు కిందికి వేలాడుతూ బొచ్చుబొచ్చుగా ముద్దొస్తుంది. ఇంత అఘాయిత్యానికి అంత ముద్దు పేరు పెట్టడంలోనే కుట్ర ఉందని నా అనుమానం. లోపల అది చేసే పని మాత్రం చిన్నదే: ప్రోగ్రాం ఏ మలుపు నుంచి ఏ మలుపుకి వెళ్ళిందో 64 కేబీల చిన్న పట్టీలో గుర్తులు పెట్టుకుంటుంది, కొత్త దారి తొక్కించిన ఇన్‌పుట్ దొరికితే దాచుకుని, దాన్నే మళ్ళీ పిండి పిప్పి చేస్తుంది. 2014లో ఆయన ఒక ఫైల్లో 'హలో' అని మాత్రమే రాసి, జేపెగ్ బొమ్మలు తెరిచే ప్రోగ్రాం మీదకి దీన్ని వదిలేశాడు. బొమ్మ అంటే ఏమిటో తెలియని ఆ కుందేలు, మెల్లగా ఒక్కో బైటూ తడుముకుంటూ పోయి, చివరికి సొంతంగా సరైన జేపెగ్ ఫైళ్ళు తయారు చేసి పడేసింది. నేను పదేళ్ళు ఉద్యోగం చేసి కూడా జేపెగ్ హెడర్లో ఏముంటుందో చెప్పలేను. ఒక కుందేలు నన్ను అవమానిస్తుంటే ఊరుకోవాలా?

అదృష్టం కొద్దీ 2017 నవంబరులో 2.52బి వెర్షన్ వచ్చాక ఆయన పక్కకి తప్పుకున్నట్టే అయింది, రిలీజులు ఆగాయి. హమ్మయ్య అనుకున్నాం. టూల్ పాతబడుతుంది, కోడుని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్లు మారిపోతాయి, మెల్లగా అదే తుప్పు పడుతుంది, ఎవరూ ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు. ఓపెన్ సోర్స్‌లో చావు ఇలాగే ఉండాలి, ఏడుపులు లేకుండా. కానీ 2019లో మార్క్ హ్యూజ్, హైకో ఐస్‌ఫెల్ట్, ఆండ్రియా ఫియొరాల్డి, డొమినిక్ మాయర్ అనే నలుగురు తయారయ్యారు. ఊరి మీద తలా ఒక ఇంట్లో పడి ఉన్న ప్యాచ్‌లన్నీ, అంటే ఎవరికి వారు చేసుకున్న చిన్న చిన్న కోడు మార్పులన్నీ, ఏరుకొచ్చి కుట్టి, దానికి ఏఎఫ్ఎల్ ప్లస్ ప్లస్ అని పేరు పెట్టారు. అవును, కుందేలుకి రెండు ప్లస్సులు తగిలించారు.

ఇక్కడ పరిశోధకుల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన పెద్దమనుషులు వాళ్ళొక్కరే. వాళ్ళ పద్ధతి చాలా శుభ్రంగా ఉంటుంది. ఏఎఫ్ఎల్ కోడు తీసుకోవాలి, మధ్యలో ఓ మూడొందల లైన్లు పెట్టాలి, చివర్లో 'ఫజ్' అని వచ్చేలా ఒక పేరు పెట్టాలి, పాత ఏఎఫ్ఎల్ కంటే నాది గొప్పదని గ్రాఫు గీయాలి, పేపరు అచ్చవగానే కోడుకి దండం పెట్టి వెళ్ళిపోవాలి. 2018లో కొందరు పనిలేనివాళ్ళు ఇలాంటి 32 పేపర్లు ముందేసుకుని చదివి, ప్రయోగాలు జరిపిన తీరులో ప్రతిదాంట్లోనూ ఏదో ఒక లోపం ఉందని ఇంకో పేపరు రాశారు. ఒకటీ అరా కాదు, అన్నిట్లోనూ! నన్నడిగితే అది లోపం కాదు, సంప్రదాయం. ఇలా కని వదిలేసిన బిడ్డలందర్నీ ఈ ప్లస్ ప్లస్ వాళ్ళు చేరదీశారు. ఏ ఇన్‌పుట్ మీద ఎంతసేపు ఖర్చు పెట్టాలో చెప్పే షెడ్యూళ్ళు ఒక పేపర్లోంచి, పోలిక దగ్గర ప్రోగ్రాం దేన్ని ఎదురుచూస్తోందో కనిపెట్టి అదే విలువ ఇన్‌పుట్‌లో పెట్టే చిట్కా ఇంకో పేపర్లోంచి తెచ్చుకుని, ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా సర్ది, అన్నీ ఒకే పందిరి కింద కాపురం చేసేలా చేశారు. ఆ సర్దుబాటుకి పేపరు రాదు, పట్టా రాదు. మరెందుకు చేశారో వాళ్ళనే అడగాలి.

సరే, చేరదీశారు, ఊరుకోవచ్చుగా? ఇంప్రూవ్ చేస్తారట. ఇక్కడే వీళ్ళ మొండితనం బయటపడుతుంది. మామూలు సాఫ్ట్‌వేర్లో ఒక మార్పు మంచిదో కాదో తెలుసుకోవడానికి మేనేజర్ ముఖం చూస్తే చాలు. ఫజర్లో అలా కుదరదు, ఎందుకంటే అది నడిచేదే అదృష్టం మీద. పొద్దున నడిపితే మూడు బగ్గులు దొరుకుతాయి, అదే కోడు మధ్యాహ్నం నడిపితే సున్నా. అందుకని ఒక్కో ప్రోగ్రాం మీద 24 గంటల చొప్పున, ఒకసారి కాదు ఇరవై ముప్పై సార్లు నడిపి, ఆ తేడా నిజమైనదో గాలివాటమో లెక్కల్లో తేల్చాలంటారు. ఒక చోట లాభమొస్తే ఇంకో చోట నష్టమొస్తుంది. పీడీఎఫ్ చదివే ప్రోగ్రాంలో కొత్త దారులు చూపించిన కిటుకే ఫాంట్లు చదివేదాని దగ్గర వేగాన్ని సగానికి తెస్తుంది. వారాల తరబడి మెషీన్లు కాల్చి చివరికి వచ్చే జవాబు చాలాసార్లు 'ఏమీ తేడా లేదు' అని. నేనూ ఒకసారి ఈ పుణ్యకార్యంలో చెయ్యి వేద్దామని, ర్యాండమ్ నంబరు వచ్చే చోట నా పుట్టినరోజు పెట్టి, మా ఇంట్లో ల్యాప్‌టాప్ మీద పది నిమిషాలు నడిపి చూస్తే స్పష్టమైన మెరుగుదల కనిపించింది. వెంటనే పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పుని మీ కోడులో కలుపుకోండని అర్జీ, పంపాను. థాంక్స్ చెప్పి, 'ఎన్నిసార్లు నడిపారు?' అని అడిగారు, పైగా మార్పులు ఇంకా పని జరుగుతున్న డెవ్ బ్రాంచికి పంపాలిగానీ, అందరూ వాడే స్టేబుల్‌కి కాదన్నారు. పెళ్ళికి కట్నం చదివిస్తుంటే ఏ చేత్తో ఇస్తున్నావని అడిగినట్టు లేదూ!

ఇంకో తతంగం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ టూల్ ప్రోగ్రాం లోపలికి చూడాలంటే కంపైల్ చేసేటప్పుడే ప్రతి మలుపు దగ్గర ఒక చిన్న గుర్తు నాటాలి, ఆ పని ఎక్కువగా ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ సాయంతో జరుగుతుంది. ఆ ఎల్ఎల్‌వీఎం వాళ్ళు ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వదులుతారు, వదిలిన ప్రతిసారీ లోపల గోడలు జరుపుతారు, నిన్నటిదాకా తలుపున్న చోట ఇవాళ గోడ ఉంటుంది. కాబట్టి వీళ్ళు ఆరు నెలలకోసారి కొత్తదానికి తాళంచెవి చేయించాలి, అలాగని పాతవి పారేయకూడదు, ఎందుకంటే మాలాంటివాళ్ళం ఏళ్ళ కిందటి ఉబుంటుతోనే కాపురం చేస్తుంటాం, మార్చమంటే మా మనసు గాయపడుతుంది. ఏడాదికి రెండుసార్లు ఇల్లు మారే అద్దెవాళ్ళని చూశాను, కానీ అద్దె లేకుండా, ఇల్లు తమది కాకుండా, సామాను కూడా తమది కాకుండా మారేవాళ్ళని వీళ్ళనే చూశాను.

ఇప్పుడు వాడకందార్ల బాధ చెప్పాలి, అంటే నా బాధ. ఎండాకాలం చలివేంద్రం పెడతారు చూడండి, కుండలో నీళ్ళు, పక్కన గ్లాసు. మనం ఆగుతాం, రెండు గ్లాసులు తాగుతాం, మూతి తుడుచుకుని 'ఫ్రిజ్ నీళ్ళు పెట్టొచ్చుగా' అంటాం, పోతూ పోతూ గ్లాసు పట్టుకుపోతాం. వినియోగదారుడి హక్కు అంటే అదే. నేను టూల్ దించుకుని నడిపితే, మొదటి నిమిషంలోనే ఎర్ర అక్షరాలతో ఆగిపోయింది. నా సిస్టంలో క్రాష్ సమాచారం వేరే ప్రోగ్రాంకి పోతోందనీ, దాంతో ఆలస్యమై క్రాష్‌లు లెక్క తప్పిపోవచ్చనీ, ఫలానా ఫైల్లో 'కోర్' అని రాస్తే సరిపోతుందనీ, టైపు చెయ్యాల్సిన కమాండు కూడా అక్కడే చూపించింది. అంత చదివే తీరిక నాకెక్కడిది? ఆ ఎర్ర అక్షరాలన్నీ కనపడేలా ఫోనుతో ఫొటో తీసి, 'పనిచేయట్లేదు, అర్జెంట్' అని హెడ్డింగు పెట్టి వాళ్ళ ప్రాజెక్టు పేజీలో ఇష్యూ, అంటే ఫిర్యాదు, వేశాను. ఆదివారం రాత్రి పదకొండింటికి వేస్తే నలభై నిమిషాల్లో జవాబొచ్చింది. ఫొటోలో మూడో లైను చదవండి అని. ఇదా కస్టమర్ సర్వీసు?

అయితే ఒక్క విషయంలో వాళ్ళని మెచ్చుకోవాలి. అదే టూల్లో, ఆ హెచ్చరికని దాటేసి పోవాలంటే ఒక సెట్టింగు ఉంది, దాని పేరుకి అచ్చ తెలుగులో అర్థం 'క్రాష్‌లు తప్పిపోయినా నాకేం పర్లేదు' అని. ఆ పేరు పొల్లుపోకుండా పూర్తిగా టైపు చేస్తేనే అది ఊరుకుంటుంది, అంటే ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టించుకున్నట్టే. నేను అది చూడగానే ఇదిగో మన మనసెరిగిన మాట అనుకుని, టీమ్‌లో అందరి మెషీన్ల మీదా పర్మనెంటుగా పెట్టించాను.

నా సిద్ధాంతాన్ని నాకంటే ముందు ఆచరించి చూపిన మహానుభావుడు ఒకడున్నాడు, న్యాయంగా ఆయన పేరు చెప్పుకోవాలి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్ని ఉచితంగా ఫజ్ చేసిపెట్టే ఓఎస్ఎస్-ఫజ్ అనే సేవని గూగుల్ 2016 డిసెంబరులో మొదలుపెట్టింది, 2014లో హార్ట్‌బ్లీడ్ బగ్గు ఇంటర్నెట్ పరువు తీశాక ఎవరికో బుద్ధొచ్చి. 2023 జులైలో 'జియా టాన్' అనే పేరుతో ఒకాయన, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ తరఫున వచ్చి, అయ్యా, మా ప్రాజెక్టుని ఫజ్ చేసేటప్పుడు ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు ఏ ఫంక్షన్ వాడాలో తేల్చే ఐఫంక్ అనే ఈ ఒక్క సదుపాయం ఆపేయండి, గొడవగా ఉంది అని మర్యాదగా అడిగాడు. సరేనని ఆపేశారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? 2024 మార్చిలో తేలిందేమిటంటే, ఆయన అదే లైబ్రరీలో దొంగ ద్వారం పెట్టాడు, అది పనిచేయాలంటే ఆ ఐఫంక్ కావాలి. పట్టుకున్నది కూడా ఫజర్ కాదు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని కంగారు పడిన ఒక ఇంజినీరు. అర సెకను కూడా ఓర్చుకోలేని మనుషులుంటే ఇంక దేశాలు ఏం బాగుపడతాయి?

మా ఆఫీసు విషయానికొస్తే, నెల కిందట ఆ కుందేలు మా పార్సర్లో (వచ్చిన ఇన్‌పుట్‌ని చదివి విడగొట్టే ప్రోగ్రాంలో) రాత్రికి రాత్రి పదకొండు క్రాష్‌లు పట్టింది. పొద్దున్నే స్టాండప్‌లో జూనియర్ కుర్రాడు సంతోషంగా చెప్పాడు. పాపం, చిన్నవాడు. మీటింగు పెట్టాం, ఎక్సెల్ షీటు చేశాం, రంగులు వేశాం, ఆ షీటుకి ఓనర్ ఎవరన్న దాని మీద ఇంకో మీటింగు పెట్టాం, చివరికి సమస్య మూలం పార్సర్ కాదు, టూల్ అని ఏకగ్రీవంగా తేల్చి దాన్ని ఆపేశాం. మూడు వారాలైంది, ఒక్క క్రాష్ లేదు. క్వాలిటీ మెరుగుపడినందుకు మా టీమ్‌కి ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, నా డెస్కు మీద మొక్క పక్కన పెట్టుకున్నాను.

ఆదివారం నేను వేసిన ఇష్యూ కింద మొన్న మళ్ళీ ఒక కామెంటు వచ్చింది. 'కమాండు పనిచేసిందా? అయితే దీన్ని మూసేస్తాం' అని. పనిచేసింది, ఆ రాత్రే చేసింది. నేనింకా జవాబివ్వలేదు. వాళ్ళకీ కాస్త టెన్షన్ ఉండాలి కదా.