డాబా మీది అద్దె డబ్బా గారికి

మహారాజశ్రీ అద్దె డబ్బా గారి సముఖానికి,

టవర్ నుంచి గాల్లో వచ్చే ఇంటర్నెట్‌ను డాబా మీద పట్టి మా ఇంట్లోకి దింపిన తమరు క్షేమమేనని బిల్లు చూడగానే తెలిసింది. కనెక్షన్ తీసేయమని చెప్పాక నెట్ చార్జీ సున్నా అయింది గానీ, తమరి అద్దె మాత్రం పిసరంత కూడా తగ్గలేదు. పరికరం తిరిగి కంపెనీ చేతికి చేరేదాకా అద్దె నడుస్తుందని ఒప్పందంలో ఉందట. ఉండనివ్వండి. తిరిగివ్వనని ఎవరన్నారు?

ఇవాళ తమర్ని సాగనంపడానికి కంపెనీ కుర్రాడు వచ్చాడు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరులోపు ఎప్పుడైనా రావచ్చన్నారు కాబట్టి, ఆరింటికి ఐదు నిమిషాలుందనగా వచ్చాడు. పాపం అతన్నేం అనను. నిచ్చెనెక్కి, తుప్పు పట్టిన క్లాంపు విప్పి, తమర్ని పసిబిడ్డలా కిందికి దించి, చొక్కా చేత్తో దుమ్ము తుడిచి, బోర్లా తిప్పి ఫోన్ కెమెరా పెట్టాడు. స్టిక్కర్ తెల్లగా ఉంది. బార్‌కోడ్ గీతల్నీ, సీరియల్ నంబరునీ ఎండ నాకేసింది. ఓ మూల ఒకే ఒక్క అక్షరం మిగిలింది. అది ఎనిమిదో, ఇంగ్లిష్ బీయో, ఇద్దరం వెలుతురులో పెట్టి ఎంత చూసినా తేలలేదు.

"స్కాన్ అవకపోతే యాప్ ముందుకెళ్లదండీ."

"నంబరు బిల్లులో ఉంది బాబూ, నేను చదువుతా, నువ్వు కొట్టుకో."

"కొట్టడానికి గడి లేదండీ. స్కాన్ ఒక్కటే."

తమర్ని మా ముందుగది కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లిపోయాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "వినియోగదారు పరికరం అప్పగించడానికి నిరాకరించారు. టికెట్ ముగిసింది."

నిరాకరించానట! నిచ్చెన పట్టుకున్నది నేనే.

అయ్యా, నాదొక చిన్న సందేహం. టవర్ అడిగినప్పుడల్లా తమరు ఐఎంఈఐ అనే తమరి గుర్తింపు నంబరు పదిహేను అంకెలూ పొల్లుపోకుండా ఒప్పజెప్పేవారు కదా? తమరెవరో కంపెనీకి తెలియకపోతే సిగ్నలే ఇవ్వదు కదా? బిల్లు రాసేవాళ్లకైతే తమరి సీరియల్ నంబరు కంఠతా వచ్చు. నెలనెలా అద్దె పక్కనే ముచ్చటగా అచ్చేస్తున్నారు. వసూలు చేసేటప్పుడు కనబడే నంబరు వాపసు తీసుకునేటప్పుడు ఎటు పోతుంది? ఏడాది పొడవునా ఎండలో మాడే పరికరానికి ఎండకు ఆగని స్టిక్కర్ అంటించాలన్న బుద్ధి ఏ మహానుభావుడిది?

కస్టమర్ కేర్‌లో అడిగితే ఆవిడ చల్లగా చెప్పింది: "అట్టపెట్టె మీద ఇంకో స్టిక్కర్ ఉంటుంది కదండీ, అది చూపించండి." పెట్టె! మీరు మా ఇంటికి పెట్టెలో వచ్చారా? టెక్నీషియన్ చంకలో వచ్చారు. ఒంటి నిండా గీతలు, వీపు మీద పాత టేపు జిగురు. రావడమే ఇంకెవరింట్లోనో కొలువు చేసి వచ్చారు, అద్దె మాత్రం కొత్త పెళ్లికొడుకు లాంఛనాల్లా ఫుల్లు. పోనీ, మీ లోపలి సెట్టింగుల పేజీ తెరిస్తే నంబరు కనబడుతుంది. దాని పాస్‌వర్డ్ కంపెనీ దగ్గరుంది. కంపెనీని అడిగితే, కనెక్షన్ లేనివాళ్లకు ఇవ్వరట. కనెక్షన్ లేనివాళ్ల దగ్గర అద్దె తీసుకోవడానికి ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు కాబోలు.

ఇదంతా విన్నవాళ్లు ఒకే మాట అంటున్నారు: అద్దెకెందుకు, కొనేసుకుంటే పోయేదిగా! కొని? మిమ్మల్ని డబ్బు పోసి కొన్నా మీరు ఆ కంపెనీ సిమ్‌కే పలికేలా తాళం వేసి ఇచ్చేవాళ్లున్నారు. సిమ్ లేని రకమైతే మరీ అన్యాయం. టవర్ మీద ఏ తయారీదారు పరికరం ఉందో, కప్పు మీదా వాడిదే ఉండాలి, వేరే వాడిది పెడితే చాలాసార్లు భాషే కలవదు. కంపెనీ మారిన రోజున మీరు వడియాలు ఎండబెట్టుకోవడానికి కూడా పనికిరారు. వాళ్లను వదిలి వెళ్లలేనప్పుడు అది కొనుక్కోవడం ఎలా అవుతుంది? అద్దె మొత్తం ఒకేసారి కట్టేయడం అవుతుంది.

నాకైతే లెక్క ఇలా కనబడుతోంది. కప్పు మీద ఉండేది, టవర్‌తో మాట్లాడేది కంపెనీ నెట్‌వర్కులో చివరి ముక్క. అది వాళ్లదిగానే ఉండి, పాడైతే వాళ్లే మార్చాలి, దానికి విడిగా అద్దె అడగడమే విడ్డూరం. ఇంట్లో వైఫై పంచే రౌటర్ మాత్రం మనం కొనుక్కోవాలి. కంపెనీ మారినా అది మనతోనే వస్తుంది. అయితే ఈ రెండింటినీ కలిపి ఒకే డబ్బాలో కుక్కి, కిటికీలో పెట్టుకోమని ఇస్తే ఆ లెక్క కాస్తా పోతుంది. అందుకే అలా ఇస్తారేమోనని నా అనుమానం. అలా ఇచ్చినా అద్దె కట్టాల్సిందే అంటే, మీ ధరను నెల అద్దెతో భాగించి చూసుకోవాలి. ఎన్నో నెలకు మీ ఖరీదు తీరిపోతుందో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. మర్నాటి నుంచి ఎందుకు కట్టాలో మాత్రం పెద్దవాళ్లెవరూ చెప్పలేరు.

మీ వంశం మాత్రం చిన్నది కాదు. ఒకప్పుడు అమెరికాలో ఇంట్లో మోగే ఫోను కూడా బెల్ అనే టెలిఫోన్ కంపెనీదే. అద్దె కట్టడమే తప్ప, సొంత యంత్రాన్ని ఆ తీగకు తగిలించడానికి వీల్లేదు. 1968లో కార్టర్‌ఫోన్ అనే పరికరం మీద అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ నిర్ణయం వచ్చాక గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. జర్మనీలో ఏ రౌటర్ పెట్టుకోవాలో వాడుకునేవాళ్ల ఇష్టమేనని చట్టం రావడానికి 2016 ఆగస్టు దాకా పట్టింది. అన్నిటికంటే నాకు నచ్చింది అమెరికాలో 2019లో చేసిన మరో చట్టం: వాడుకునేవాళ్లు సొంతంగా తెచ్చుకున్న పరికరానికి కంపెనీ అద్దె వసూలు చేయకూడదట! కాగితం మీద రాసి సంతకం పెడితే తప్ప ఆగలేదంటే, మీ వాళ్ల ఆకలి ఏపాటిదో అర్థమవుతోంది.

మిగతావన్నీ క్షమించాను. ఎదురింటి చెట్టు చిగురించినప్పుడల్లా నీ సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో మైనస్ 80 నుంచి మైనస్ 110కి జారేది. ఆ కొలతలో పదేసి తగ్గినప్పుడల్లా బలం పదో వంతవుతుంది, అంటే ముప్పై తగ్గితే వెయ్యో వంతు. "బానే ఉంది కదండీ, లైటు పచ్చగానే వెలుగుతోంది" అనేవాడు ఫోన్లో టెక్నీషియన్. ఇంకొకాయనైతే చెట్టు కొట్టించెయ్యమన్నాడు, ఎదురింటాయన చెట్టుని! వాన పడితే నువ్వూ ముసుగు తన్ని పడుకునేవాడివి. అదీ క్షమించాను. హై ఫ్రీక్వెన్సీ తరంగాలకు వాన సరిపడదని, ఆకులసలే గిట్టవని చదివి, నీ తరఫున ఇంట్లోవాళ్లతో వాదించాను కూడా.

కాదనను, నువ్వు రాకముందు ఇక్కడికి కేబుల్ రాలేదు, ఫైబర్ రాలేదు. వస్తుందని చెప్పినవాళ్లు మాత్రం వస్తూనే ఉన్నారు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్టు, ఒక్క మధ్యాహ్నంలో గోడ తవ్వకుండా, రోడ్డు తవ్వకుండా ఇంటికి ఇంటర్నెట్ దింపింది నువ్వే. పిల్లల పరీక్షల రోజుల్లో నువ్వు ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఆ విశ్వాసం నాకుంది. అందుకే ఇంకా కుర్చీలో ఉన్నావు, చెత్తబుట్టలో లేవు. (చెత్తబుట్టలో వేస్తే కొత్త డబ్బా ఖరీదు నా ఖాతాలో రాస్తారట. ఆ సంగతీ కాస్త గుర్తుంది.)

కానీ ఒరేయ్ డబ్బా, ఇంత జరిగాక నాకొకటి తట్టింది. మా ఇంట్లో ఉండేది నువ్వు. అద్దె కట్టేది నేను. ఇదెక్కడి న్యాయంరా?

లెక్క ఇకమీదట తిరగేస్తున్నాను. రాసుకో. డాబా మీద, గాలీ వెలుతురూ వచ్చే తూర్పు మూల నువ్వు ఉన్నన్నాళ్లకీ స్థలం అద్దె. ఇవాళ్టి నుంచి ముందుగదిలో కుర్చీ కాబట్టి దానికి వేరే రేటు, ఫర్నిచరుతో సహా. నువ్వు తిన్న కరెంటు: రాత్రనకా పగలనకా పది వాట్ల చొప్పున వేసుకున్నా ఏడాదికి 87 యూనిట్ల పైమాటే, ఆ మీటరు తిరిగింది నా పేరు మీద. నీ కోసం కిటికీ చట్రానికి వేసిన కన్నం, అందులోంచి వానాకాలం గోడ వెంట కారిన చెమ్మ, దానికి సున్నం. నీ వైరు మీద కూర్చున్న పావురాలు చేసిన పనికి శుభ్రత చార్జీ. ఇన్నాళ్ల కాపలా, నిచ్చెన పట్టినందుకు కూలి, ఇవాళ రెండు నుంచి ఆరు దాకా ఎదురుచూసిన నా సమయం.

పదిహేను రోజుల్లో కట్టకపోతే ఆలస్య రుసుము పడుతుంది. అభ్యంతరాలుంటే నాకు ఫోన్ చెయ్యి. హోల్డ్‌లో పెట్టి పాట వినిపిస్తాను.

ఇట్లు,
నీ ఇంటి ఓనరు