చచ్చి బతికిన తండ్రి వేషం

మన దేశంలో నిరుద్యోగం ఉందనేవాళ్లు ఒక్కసారి పొద్దున పదింటికి చెన్నై సాలిగ్రామం వచ్చి చూడాలి. ఒంటిమీద ఇస్త్రీ చొక్కా, చేతి కవర్లో ఇంకో చొక్కా, తమలో తాము ఏదో గొణుక్కుంటూ నడిచేవాళ్లు ప్రతి సందులోనూ కనిపిస్తారు. అంతా ఆడిషన్‌కి పోతున్నవాళ్లే. అదీ ఉద్యోగమే. జీతం ఒక్కటే ఉండదు.

ఈ కొలువులో నాకు 11 ఏళ్ల సర్వీసు. అందులోనూ సీరియల్ పైలట్లు నా ప్రత్యేకత. నిర్మాత సొంత డబ్బుతో ఒకటో రెండో ఎపిసోడ్లు తీసి ఛానల్‌కి చూపిస్తాడు. నచ్చకపోతే అవి హార్డ్ డిస్క్‌లోనే కాపురం పెడతాయి. నచ్చితే మాత్రం మనకేం ఒరిగింది? "అంతా బాగుంది, ఆ తండ్రిని మార్చండి" అంటారు. ఆ తండ్రిని నేనే.

ఆమధ్య వడపళనిలో ఒక తెలుగు పైలట్‌కి పిలిచారు. మా నాన్నగారి కాలంలో అక్కడి విజయా వాహినీ స్టూడియోలో ఎటు విన్నా తెలుగేనట. తర్వాత తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్లిపోయింది. 1995లో ఈటీవీ, జెమినీ మొదలైతే ఇక మనకు ఢోకా లేదనుకున్నాం. కానీ చివరికి స్టూడియో స్థలంలో షాపింగ్ మాల్ కూడా వచ్చేసింది. మేం మాత్రం ఇల్లు మారే ఓపిక లేక ఇక్కడే ఉండిపోయాం.

ముందు కుడివైపు తిరగమన్నారు, తర్వాత ఎడమవైపు. పెళ్లిచూపుల్లో కూడా మనిషిని ఇంతలా తిప్పి చూడరు. ఇక సీను. కూతురు గుడిలో ఎవర్నో పెళ్లి చేసుకుని గుమ్మంలో నిలబడుతుంది, నేను గుండె పట్టుకోవాలి. కూతురి డైలాగులు అసిస్టెంట్ డైరెక్టర్ అందించాడు, పొంగల్ తింటూ. "నాన్నా, నన్ను క్షమించండి" అని, ఒక ముద్ద మింగి, "ఆశీర్వదించండి" అన్నాడు. నాకు నిజంగానే గుండె కలుక్కుమంది.

"ఇంకో రెండుసార్లు షాకవ్వండి సార్."

అయ్యాను. ఉరుము మూడుసార్లు కొట్టించాలి కదా. మూడోసారి చెయ్యి గుండెకి కుడివైపు పెట్టాను, ఎవరూ గమనించలేదు.

"యాక్టింగ్ ఓకే సార్, మీ తెలుగులోనే కొంచెం తమిళ యాస" అన్నారు. హీరోయిన్‌ని బెంగళూరు నుంచి తెచ్చారు. చక్కటి పిల్ల. నమస్కారం తప్ప తెలుగు ముక్క రాదు. ఆమెకి ప్రాంప్టింగ్ ఇస్తారు, వేరేవాళ్లతో డబ్బింగ్ చెప్పిస్తారు. అంటే తెలుగు సీరియల్‌కి తెలుగు బొత్తిగా రాకపోయినా ఫరవాలేదు, వచ్చీరానట్టు రావడమే నేరం. (ఈ లెక్కన మా పక్కింటి తమిళాయన భేషైన తండ్రి. ఆయనకి చెప్పలేదు, పోటీ ఎందుకు?)

"ఫోన్ చేస్తాం సార్" అన్నారు. నెల రోజులు ఫోన్ బాత్‌రూమ్ కిటికీలో పెట్టుకుని స్నానం చేశాను. లోన్ ఇస్తామనేవాళ్లు తప్ప ఎవరూ చేయలేదు.

నిన్న చేశారు. ఛానల్‌వాళ్లు కథ మార్పించారట, తండ్రి మొదటి ఎపిసోడ్‌కి ముందే పోయాడట. "గోడ మీద ఫోటోకి మీ ముఖం కరెక్ట్ సార్. సీరియల్ ఉన్నన్నాళ్లూ ఉంటారు" అన్నారు. ఆలోచించాను. గురువారం రేటింగులు వస్తే ఎవరి పాత్ర లేచిపోతుందోనని సెట్టంతా టెన్షన్. నాకా భయం లేదు. ముందే పోయినవాణ్ని ఎవరు చంపుతారు?

మా ఆవిడ అంతా విని, "దండ అసలు పూలదా, ప్లాస్టిక్‌దా?" అంది.

"ప్లాస్టిక్‌దేనట."

"అయితే చాన్నాళ్లు వస్తుంది. ఒప్పేసుకోండి."