అరణియార్ చేపకు ఆషాఢంతో పనిలేదు

రాష్ట్రంలోని పెద్ద జలాశయాల్లో ఏటా జూలై, ఆగస్టు నెలల్లో చేపల వేట ఆపేస్తారు. కొత్తనీటికి తల్లిచేప గుడ్లు పెట్టేందుకు ఎదురెక్కుతుంది కాబట్టి ఆ రెండు నెలలు దాని జోలికి పోకూడదని. కృష్ణమ్మ మీద కట్టిన శ్రీశైలం, సాగర్‌లకు ఈ లెక్క చక్కగా కుదురుతుంది. పడమటి కనుమల్లో కురిసిన వాన అక్కడికి చేరేది ఆ రోజుల్లోనే. మరి తిరుపతి జిల్లా పిచ్చాటూరు దగ్గర అరుణానది మీద కట్టిన అరణియార్ జలాశయం సంగతేమిటి? ఆషాఢంలో అక్కడ వరద మాట అటుంచి, అడుగున ఎంత మిగిలిందో చూసుకుంటూ ఉంటారు. పిచ్చాటూరు, నాగలాపురం, సత్యవేడు వైపు వాగులు పొర్లేది బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడు, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. వరద కార్తీకంలో, నిషేధం ఆషాఢ శ్రావణాల్లో!

తిరుపతి, చిత్తూరు జిల్లాల జలాశయాల్లో వల ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఎత్తాలి, చేపపిల్లల్ని ఎప్పుడు వదలాలి అన్నవి నెలను బట్టి కాక గేజి (నీటి ఎత్తు కొలిచే గీతల పలక) మీది నీటిమట్టాన్ని బట్టి తేల్చాలన్నది నా వాదన.

దీనికో అభ్యంతరం వెంటనే వస్తుంది. వాన ఆలస్యమైనంత మాత్రాన చేప తన కాలం మార్చుకోదు కదా అని. నిజమే, అసలు చిక్కు అక్కడే ఉంది. మన మార్కెట్లో ఎక్కువగా కనిపించే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వాటికి పారే కొత్తనీరు కావాలి, ఒడ్డున గడ్డి మునిగి పలుచగా నీరు పరుచుకోవాలి. తొలకరి నుంచి భాద్రపదం దాకానే వాటి ఒళ్లు అందుకు సిద్ధంగా ఉంటుంది. కిలో బరువున్న శీలావతి రెండు లక్షలకు పైగా గుడ్లు మోస్తుంది. ఆ వేళకు అరుణానదిలో పారకం లేకపోతే ఆ గుడ్లు కడుపులోనే కరిగిపోతాయి. నవంబర్‌లో వరద ముంచెత్తినా చేపకు అప్పటికి ఆ ఆత్రం ఉండదు. కాబట్టి జూలై నిషేధం ఇక్కడ చాలా ఏళ్లు జరగని ప్రసవానికి కాపలా కాస్తోంది.

ఇక ఈ జలాశయాల్లో ఈ మూడు జాతుల చేప ఉందంటే అది చాలావరకు వదిలిన చేపే. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతుల చేత గుడ్లు పెట్టించారు. ఏటి వరదతో పనిలేకుండా హేచరీలో పిల్ల తీయడం అప్పటి నుంచే సాధ్యమైంది. ఆ తేదీనే జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుకుంటున్నాం. హేచరీ పిల్ల మీదే ఆధారపడ్డ జలాశయంలో ముఖ్యమైన తేదీ ఆ పిల్లను నీళ్లలో వదిలే రోజే. దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

అరణియార్ పట్టేది దాదాపు 1.85 టీఎంసీలు. గట్టి వాయుగుండం ఒకటి రెండు రోజులు నిలబడితే నిండడానికి ఎంతోసేపు పట్టదు. ఆ తర్వాత వచ్చిందంతా గేట్ల గుండా తమిళనాడులోని ఊత్తుకోట మీదుగా సముద్రం దారి పడుతుంది. వరదకు ముందు వదిలిన పిల్లల్లో ఎన్నో ఆ నీటితోనే పోతాయి. కార్వేటినగరం వైపు కృష్ణాపురం జలాశయానిదీ అదే దారి, అక్కడి నీళ్లు పళ్లిపట్టు మీదుగా తమిళనాడులోని పూండి జలాశయం చేరతాయి. ఆంధ్రా ఖర్చుతో తమిళనాడు వలలు నిండితే ఇరుగుపొరుగు మర్యాద అనుకుని నవ్వుకోవచ్చు గానీ, పిచ్చాటూరు మత్స్యకారుల సంఘానికి అది నికర నష్టం. గేట్లు దించి నీటిమట్టం నిలబడ్డాక, డిసెంబర్‌లో వదిలితే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.

అప్పటికి పిల్ల దొరుకుతుందా అంటే, దొరుకుతుంది. కొల్లేరు చుట్టుపక్కల రైతులు చేపపిల్లల్ని ఇరుకు చెరువుల్లో ఒత్తుగా వేసి, ఎదుగుదల ఆపి, ఏడాది దాకా ఉంచడంలో ఆరితేరినవాళ్లు. అలాంటి పిల్ల ఏ నెలలోనైనా తేవచ్చు, ఖర్చు మాత్రం ఎక్కువ. ఆ ఖర్చు పెట్టాల్సిందే అంటాను. జలాశయంలో వదిలే పిల్ల కనీసం పది సెంటీమీటర్లు ఉండాలని శాస్త్రవేత్తలు ఏనాటి నుంచో చెబుతున్నారు. వేలెడు కూడా లేని పిల్లను వదిలితే అది వాలుగకూ కొర్రమీనుకూ మేత. ప్లాస్టిక్ సంచులు విప్పి ఇన్ని లక్షలు వదిలామని ఫొటో దిగడం తేలిక. వేసవిలో సంఘం తక్కెడ మీదికి ఎన్ని కిలోలు వచ్చాయన్న లెక్క కూడా అదే గోడ మీద రాస్తే తప్ప ఆ లక్షలకు అర్థం లేదు.

కొర్రమీను కథ పూర్తిగా వేరు. అది నిలవనీటిలోనే, తుంగ మొలిచిన అంచుల్లో గుడ్లు పెడుతుంది. పైగా పిల్లల్ని కాస్తుంది. ఎర్రటి సన్నపిల్లలు గుంపుగా పైకి తేలుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, దగ్గరికి ఏది వచ్చినా కోపంతో మీదపడతాయి. తిరుపతి నుంచి ఆదివారం బైకుల మీద వచ్చే గాలం కుర్రాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఆ గుంపు మీదుగా రబ్బరు కప్పను లాగితే పెద్దది తగులుకోవడం ఖాయం. అది ఒడ్డెక్కిన కాసేపట్లో పిల్లల గుంపును మిగతా చేపలు మింగేస్తాయి. వీడియోలో కనిపించేది మూడు కిలోల చేప, కనిపించనిది ఆ సంతానం. సరదా వేటగాళ్లను నేను తప్పుపట్టను, జలాశయం అందరిదీ. కానీ పిల్లల గుంపు కనిపించిన చోట గాలం వేయకూడదన్న నియమం ఒక్కటి పెడితే, జూలై నిషేధం చేయలేని పని అది చేస్తుంది.

వాళ్లకు రోజువారీ టికెట్ పెట్టి ఆ డబ్బు సంఘానికి ఇవ్వడం మంచిది. లైసెన్సు తీసుకుని పుట్టి మీద వల వేసే మత్స్యకారుడికి ఇప్పుడు గాలం కుర్రాడంటే పోటీదారు. టికెట్ డబ్బు తన సంఘానికే వస్తే వాడు గిరాకీ అవుతాడు. చేత్తోనో మావు (చేపలు పట్టే బుట్ట) పెట్టో పూటకు సరిపడా పట్టుకునే యానాది గిరిజనుల జోలికి మాత్రం ఈ టికెట్ పోకూడదు. ఈ వాగులూ మడుగులూ ఆనకట్టల కన్నా ముందు నుంచీ వాళ్లకు తిండి పెడుతున్నాయి. వాళ్లను లైసెన్సు లేనివాళ్లుగా చూడటం నాకు న్యాయంగా తోచదు.

ఇక వేసవి. పొలాలకు నీళ్లు వదిలాక ఏప్రిల్, మే నెలల్లో జలాశయం మడుగంత అవుతుంది. చేపంతా అక్కడే కిక్కిరిసి, తెల్లవారుజామున ఊపిరాడక నోళ్లు పైకెత్తుతుంది. దొరికినవాడు దొరికినంత తోడుకుంటాడు. ఇక్కడే నీటిమట్టం లెక్క ఎక్కువగా అక్కరకొస్తుంది. ఆ మడుగు వానల దాకా నిలిచే ఏడాది అయితే గేజి ఒక గీత దిగగానే వలలు ఆపాలి, గాలాలను మాత్రం వేయనివ్వాలి. ఎండిపోయేదే అయితే నిషేధం తెలివితక్కువతనం. చచ్చి కుళ్లే లోపు సంఘం మొత్తం పట్టి అమ్ముకోవాలి. ఇది ఏ నెలలో జరగాలో గుంటూరులోనో విజయవాడలోనో కూర్చుని ముందే రాయలేం. 1952లో మన దేశానికి తెచ్చిన జిలేబి చేప (తిలాపియా) ఎలాగూ ఏ మడుగులోనైనా మిగిలి, మళ్లీ నీరు రాగానే పిల్లలతో నింపేస్తుంది. మిగతా జాతులకు ఆ శక్తి లేదు.

బోనుల్లో చేపల పెంపకం గురించి కూడా అడుగుతుంటారు. ఏడాది పొడవునా లోతు నిలవని చోట అది కుదరదు.

చేపల కోసం పేలుడు తూటాలు, విషం వాడేవాళ్ల మాటకొస్తే 1897 నాటి మత్స్య చట్టమే వాటిని నేరమంది. రెండు నెలల దాకా జైలు లేదా రెండు వందల రూపాయల దాకా జరిమానా. ఆనాటి రెండు వందలు పెద్ద మొత్తమే. ఈనాడు దానికి కిలో కొర్రమీను రాదు. బ్యాటరీ కరెంటుతో చేపను చంపే పద్ధతి ఆ చట్టం రాసినవాళ్ల ఊహకు కూడా అందనిది.

కల్యాణి డ్యాంను మాత్రం ఈ చర్చలోంచి తప్పించాలి. శేషాచలం అడవి అంచున 1977లో కట్టిన ఆ డ్యాం తిరుపతి, తిరుమల గొంతు తడుపుతోంది. అక్కడ వేట హక్కు అడగడం సబబు కాదు. గేట్లు ఎత్తిన రోజు ఏ జలాశయం దగ్గరైనా, మొరవ (మిగులు నీరు పొర్లే దారి) పారే ఏ చెరువు దగ్గరైనా కింద వలలు పట్టుకుని నిలబడటాన్ని కూడా గట్టిగా ఆపాలి. 2021 నవంబర్‌లో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని ఊళ్లు ఖాళీ చేసిన రోజులు చూశాక కూడా నీటి ముందు ధైర్యం చూపించేవాళ్లకు నచ్చజెప్పడం కష్టమే.

నీటిమట్టంతో నడిచే నియమానికి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. జలాశయాన్ని కనిపెట్టుకునే లస్కరు రోజూ గేజి చదివి జలవనరుల శాఖ ఇంజినీర్లకు పంపుతూనే ఉన్నాడు. ఆ అంకె మత్స్యశాఖ జిల్లా కార్యాలయానికీ, సంఘం అధ్యక్షుడి ఫోనుకూ కూడా వెళితే చాలు. ఏ అంకె దగ్గర వలలు ఆపాలో జలాశయానికో గీత చొప్పున రెండు శాఖలూ, సంఘమూ కూర్చుని ఒక్కసారి నిర్ణయించి తూము గోడ మీద ఎర్ర రంగుతో గీయించాలి. ఈ ఏడు ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోపే అరణియార్‌తో మొదలుపెట్టవచ్చు.