మడ తగ్గింది పొయ్యిలో కట్టెలకేనా?

వారం రోజులుగా మా కాకినాడ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తిరుగుతోంది. "కోరంగి మడ అడవిని కట్టెల కోసం నరికింది మత్స్యకారులే, తాబేళ్లను చంపేదీ వాళ్లే, వాళ్లను అడవిలో అడుగు పెట్టనివ్వకపోతే అన్నీ అవే బాగుపడతాయి" అని దాని సారాంశం. నాకు మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మా బాబాయి కాబట్టి రాయక తప్పలేదు.

ముందు కట్టెల సంగతి. నరకలేదని నేననను. పొయ్యికీ దడికీ కొట్టుకొచ్చారు. (సముద్రం కింది గ్యాసు గాడిమొగ దగ్గరే ఒడ్డెక్కి ఎక్కడెక్కడికో పోతుంది. ఆ చుట్టుపక్కల కట్టెల పొయ్యి ఎందుకు వెలిగిందో పోస్టు రాసినాయన అడగలేదు.) కానీ కత్తితో కొమ్మ కొడితే తెల్లమడ మోడు మళ్లీ చిగురిస్తుంది. గట్టు వేసి పోటు నీటిని ఆపేస్తే చిగురించదు. మడ వేళ్లు బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేచి గాలి పీలుస్తాయి. నీరు కదలకుండా నిలిచి అవి మునిగిపోతే చెట్టు నిలువునా ఎండిపోతుంది. 1990ల్లో టైగర్ రొయ్య ధర చూసి మడను కొట్టేసి చెరువులు తవ్వారు, పోటు నీటికి అడ్డంగా గట్లు వేశారు. రొయ్యలకు తెల్లమచ్చ రోగం రాగానే చాలామంది వదిలేసి పోయారు, ఉప్పు గుంటలు మిగిలాయి. ఒడ్డు వెంట ఆంక్షలుండే తీరప్రాంత నియంత్రణ పరిధిలో, సంప్రదాయ చెరువులు తప్ప మిగతావి తీసేయమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో తీరంలో రొయ్యల సాగుకు కొత్త చట్టం వచ్చాక ఆ తీర్పు పదును తగ్గింది. 2020లో పేదలకు ఇళ్ల స్థలాలంటూ కాకినాడ దుమ్ములపేట దగ్గర మడను చదును చేసింది కూడా వలలు పట్టుకున్నవాళ్లు కాదు.

ఇక తాబేళ్లు. ఉప్పాడ ఒడ్డున కొట్టుకొచ్చిన ఒక ఆలివ్ రిడ్లేను దగ్గరగా చూశాను. డిప్ప మీద ఒక్క గాటు లేదు, మెడ మాత్రం ఉబ్బిపోయి ఉంది. తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. గంటల తరబడి లాగే ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. నావల వలల్లోనూ చిక్కుతాయి, నిజమే. కానీ ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్లు చిన్న నావలకే అని 1994 చట్టం చెబుతోంది, అక్కడికి ట్రాల్ వలలు లాగే పెద్ద బోట్లు ఎందుకొస్తున్నాయి? వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య, అంటే నిషేధం మొదలవకముందే. బోటు మీద పనిచేసేవాడూ మత్స్యకారుడే, కాకపోతే బోటు అతనిది కాదు. తాబేలు తప్పించుకునే చట్రం వలకు బిగించాలా వద్దా అనేది యజమాని చేతిలో ఉంటుంది.

మూడోది, రానివ్వకపోతే బాగుపడుతుందన్న మాట. ఎండిన మడలోకి పోటు నీరు పారేలా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, మొక్కలు నాటింది తీర గ్రామాల వాళ్లే. ఏ పాయలో నీటికుక్కలు తిరుగుతాయో, బావురుపిల్లి అడుగులు ఎక్కడ పడతాయో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. టికెట్ కొని చెక్కబాట మీద సెల్ఫీలు దిగే మనం లోపలికి వెళ్లొచ్చు, మండపీతలు పట్టుకు బతికే మనిషి మాత్రం వెళ్లకూడదట!

ఇదంతా బాబాయికి ఫోన్లో చదివి వినిపించాను. "అంటే తప్పంతా చెరువులదేనా? మనకీ రెండెకరాలుంది కదరా" అన్నాడు. ఉంది. చెరువు తవ్వకముందు అక్కడ ఏముండేదో బాబాయికి నాకన్నా బాగా తెలుసు.